పాత క్రేన్, పెద్ద పేరు
సెకండ్‌హ్యాండ్ క్రేన్ బేరంలో కంపెనీ పేరుకు ఇవ్వాల్సిన దానికంటే ఎక్కువ విలువ ఇస్తున్నారు. బెంగళూరులో 2011లో మొదటి మెట్రో రైలు నడిచాక కూడా కొత్త మార్గాల పనులు ఆగలేదు. దాంతో బరువులెత్తే యంత్రాలకు గిరాకీ తగ్గలేదు. కానీ పేరు నిలిచినంత కాలం ఫ్యాక్టరీ నిలవాలని లేదు. 1879లో లండన్‌లో మొదలైన క్రేన్ల కంపెనీ కోల్స్‌నే చూడవచ్చు. మన దేశంలో ఆ క్రేన్లను కోల్‌కతాకు చెందిన టిల్ తయారుచేసింది. 1984లో కోల్స్‌ను గ్రోవ్ కొనేసింది, 1998లో సండర్లాండ్‌లోని కోల్స్ ఫ్యాక్టరీ మూతపడింది, 2002లో గ్రోవ్ కూడా మానిటోవాక్ చేతికి వెళ్లింది. అందుకే ముందు అడగాల్సింది విడిభాగాల సంగతి. ఆపైన, సీరియల్ నంబరుకు సరిపోయే లోడ్ చార్ట్. వంద టన్నుల క్రేన్ వంద టన్నులు ఎత్తేది బరువు బాగా దగ్గరగా ఉన్నప్పుడే. దూరం పెరిగేకొద్దీ ఆ శక్తి వేగంగా పడిపోతుంది. చార్ట్‌లో చెప్పిన కౌంటర్‌వెయిట్లన్నీ యంత్రంతోపాటు రావాలి. వైర్ రోప్‌లో తెగిన పోగులు, స్లూయింగ్ బేరింగ్‌లో వదులు, జాలీ బూమ్ గొట్టాలపై సొట్టలు, అతుకులు పగటి వెలుగులో చూడాలి. కొత్తగా కొట్టిన రంగును (అమ్మేవాళ్లకు దానిమీద మక్కువ ఎక్కువ) అనుమానించడమే మేలు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఎత్తే యంత్రాలకు కనీసం ఏడాదికోసారి క్షుణ్ణమైన తనిఖీ తప్పనిసరి చేసింది. ఆ తనిఖీల పాత రిపోర్టులు చూపించలేని యంత్రానికి అర్హుడైన ఇంజినీరు సమక్షంలో లోడ్ టెస్ట్ అయ్యేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వకూడదు.