పరిశోధన పట్టమునకు మార్కుల పట్టిక చాలునా?

సుస్థిర శక్తి ఇంజనీరింగులో పరిశోధన చేయించవలెనని తమ బిడ్డలను వెంటబెట్టుకొని మా అంగడికి వచ్చు తలిదండ్రుల సంఖ్య ఈ మధ్య పెరిగినది. అందరి ప్రశ్నయు ఒక్కటే: "ఎంత శాతముండవలెనండీ?" మెట్రిక్యులేషనుతో చదువు చాలించి తక్కెడ పట్టినవారము మేము. అయినను విచారించి తెలిసికొన్నది చెప్పెదము.

బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సునే తీసికొందము. అచ్చట ఎం.టెక్. రెండు విధములు: ఒకటి పాఠములు ప్రధానమైనది, మరియొకటి పరిశోధన ప్రధానమైనది. ఈ రెండవదానికి ఇంజనీరింగు పట్టముతోబాటు సాధారణముగా గేటు పరీక్షలో అర్హత కావలెను. ఆ పరీక్ష 3 గంటలు, 100 మార్కులు. ఫలితము 3 సంవత్సరములు చెల్లును. 2026 పరీక్షనుండి ఇంజనీరింగ్ సైన్సెస్ పత్రమున శక్తిశాస్త్రము కూడ ఒక విభాగముగా చేరినది. పిదప ఇంటర్వ్యూ. చేరినవారు కొన్ని పాఠ్యాంశములు ముగించి, మిగిలిన కాలమంతయు ఒక్క సమస్యను పట్టుకొని, సిద్ధాంత గ్రంథమును ఆంగ్లమున వ్రాసి పరీక్షకులను మెప్పింపవలెను.

కాగితముమీది నియమములివి. కాని పరిశోధకునకు తనదైన ప్రశ్న యొకటి యుండవలెను. దానిని ఏ మార్కుల పట్టికయు చూపజాలదు. మా యెదుట కూర్చున్న యొక యువకుని, "నాయనా, నీవు కనుగొనదలచినదేమి?" అని యడుగగా అతడు తండ్రి మొగము చూచెను. తండ్రి మా మొగము చూచెను.

ఇందుకు భిన్నమైన యుదాహరణ తుమకూరు జిల్లా పావగడనుండి వచ్చినది. తెలుగువారు తరతరములుగా నివసించుచున్న ఆ కరవు సీమలో సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్కేంద్రము వెలసినది. భూములు రైతులనుండి కౌలుకు తీసికొన్నవి. అట్లు భూమినిచ్చిన యొక రైతు కుమార్తె, ఇంజనీరింగు పూర్తిచేసినది, మాతో ననెను: "త్రాగుటకే నీరు కరవైన చోట పలకలు కడుగుటకు నీరెందుకు? నీరు లేకుండ దుమ్ము తీయలేమా? ఎండ ముదిరి పలక వేడెక్కినకొలది విద్యుత్తు తగ్గునట, డిగ్రీకి దాదాపు 0.4 శాతము. మా యూరి ఎండకు ఏడాదిలో ఎంత నష్టము?" వర్తకులము గనుక ఆ నష్టపు లెక్క మాకు వెంటనే తలకెక్కినది. పగలు రాసులుగా పండి దీపములు పెట్టు వేళకు చేతిలో నుండని సరుకు సౌరశక్తి. గిడ్డంగి లేని వ్యాపారము. అందును గూర్చియు ఆమె యడిగినది. ఆ ప్రశ్నలకు మేమేమి చెప్పగలము?

ఆమెకు ఒక కంపెనీలో ఉద్యోగము సిద్ధముగా నున్నది. ఆ జీతముముందు పరిశోధన భృతి చిన్నది. "జీతము విడిచి మరల చదువా?" యని తండ్రి తటపటాయించుచున్నాడు. ఆయనను తప్పుపట్టజాలము, కౌలు పైకముతో ఇల్లు నడుపువాడు. తప్పు మనది. మన సంఘము పట్టభద్రులైనవారికి శాలువ కప్పి, ఫొటో తీసి, అంతటితో చేతులు దులుపుకొనుచున్నది. మేమును ఆ శాలువలు కప్పినవారమే.

శాలువల పద్దును రద్దుచేసి, ఆ సొమ్మును గేటు రుసుమునకు, ఇంటర్వ్యూ ప్రయాణములకు, ఆంగ్ల రచనాభ్యాసమునకు కేటాయింపవలెనని మా ప్రతిపాదన. వచ్చు సర్వసభ్య సమావేశమున దీనిని ప్రవేశపెట్టెదము. పావగడ రైతును కూడ ఆహ్వానించితిమి. కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెదనన్నాడు.