నవదంపతుల చిత్రములు: భార్యపై మోపిన నేరము

నూతన దంపతుల కాపురమును చూపిన తొలినాటి హాలీవుడ్ చిత్రములకు నేటికిని ప్రియులు కలరు. అందు వింత లేదు. తక్కిన కథలు పెండ్లితో ముగియగా, ఇవి ఆ మరునాటి ఉదయమున మొదలగును. అద్దె, వంట, జీతము, అత్తింటివారి ముఖవైఖరి, వీని ఘట్టములన్నియు ఇట్టివే. ప్రేక్షకుడు తన యింటినే తెరపై చూచుకొనును. కాని కాపురము చెడినపుడు ఈ చిత్రము తప్పెవరిపై మోపుచున్నదని అడుగక చప్పట్లు కొట్టువారితో మేము ఏకీభవింపజాలము.

1920లో సెసిల్ బి. డెమిల్ తీసిన ‘వై చేంజ్ యువర్ వైఫ్?’ చూడుడు. గ్లోరియా స్వాన్సన్ ధరించిన బెత్ కండ్లజోడు పెట్టుకొనును, శాస్త్రీయ సంగీతము వినును, భర్తకు నీతులు చెప్పును. అతడు వేరొకతె వలలో పడును, విడాకులగును. పిమ్మట బెత్ సొగసైన కొత్త దుస్తులు తాల్చగానే అతనికి మరల ప్రేమ పుట్టినది! దారి తప్పినది మగడు; దిద్దుకొనవలసినది మాత్రము ఆలు. ఇదెక్కడి న్యాయము? ఆ కండ్లజోడు చేసిన నేరమేమి? ఇది హాస్యమే గదా, ఇంత పట్టింపేల యందురు. నవ్వుచు మ్రింగిన మందు కడుపులో పనిచేయదా? మరుసటి యేడే లోయిస్ వెబర్ అను దర్శకురాలు ‘టూ వైజ్ వైవ్స్’లో, భర్త మెప్పునకై తన్ను తాను మరచిన ఇల్లాలి పాట్లను చూపినది. డెమిల్‌ను మెచ్చువారు ఆమె పేరైనను తలపరు.

కింగ్ విడర్ 1928లో తీసిన ‘ది క్రౌడ్’ మాకు మాన్యము. జాన్ న్యూయార్కులో వందలకొలది బల్లలు బారులు తీరిన కార్యాలయమున ఒక గుమాస్తా. మేరీని పెండ్లాడి, నయాగరా జలపాతము చూచివచ్చి, రైలుమార్గము ప్రక్క ఇరుకు వాటాలో కాపురము పెట్టును. ఒక ఉదయము అలమర తలుపు నిలువదు, పాలు చింది మీద పడును. అన్నిటికిని భార్యయే కారణమని విసుగుకొనును. ఆమె గర్భవతియని వినగానే కరగిపోవును. ఇది అబద్ధమని ఏ గృహస్థు అనగలడు? ఐదేండ్లలో పెరిగిన జీతము ఎనిమిది డాలర్లు. ఇరుకు గదియు చాలని జీతమును మంచివారి నోటినే ఎట్లు చేదు చేయునో విడర్ చూపెను. తరువాత కూతురు లారీ క్రింద పడి మరణించును. అతడు ఉద్యోగము మానును. మేరీ సోదరులు ఆమెను కొనిపోవ వత్తురు. ఆమె గడప దాటియు మరలివచ్చును.

మరలినది భార్యయే గదా యని మమ్ము నిలదీయవచ్చును. నిజమే. కాని ఇచ్చట వేషము కట్టినది భర్త: విదూషకుడై వీధిలో ప్రకటన పలక మోసి, ఆ డబ్బుతో ఆమెకు వినోదశాల టిక్కెట్లు కొని తెచ్చును.