చేతివేళ్ల వాపును చిన్నచూపు చూడవద్దు

పొద్దున్నే పాలు పితకడానికి కూర్చుంటే వేళ్లు ముడుచుకోవని, గంటసేపు గడిస్తే గానీ చేతికి పట్టు రాదని కలికిరి చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చే అక్కచెల్లెళ్లు మాతో చెబుతుంటారు. రెండు చేతుల చిన్న కీళ్లూ వాచి, ఈ బిగువు ఆరు వారాలు దాటినా పోకపోతే దాన్ని వయసు నొప్పి అని వదిలేయకూడదు. అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం కావచ్చు. శరీరంలోని రక్షణ శక్తే పొరపాటున సొంత కీళ్లపై దాడి చేయడం వల్ల ఈ జబ్బు వస్తుంది. మగవారికంటే ఆడవారిలో ఎక్కువ.

వచ్చేవారిలో చాలామంది అప్పటికే నెలల తరబడి మందుల షాపు మాత్రలతో, స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో నెట్టుకొచ్చి ఉంటారు. నొప్పి తగ్గుతుంది గాని లోపల ఎముక దెబ్బతింటూనే ఉంటుంది. ఒకసారి వంకరపోయిన వేలు మందులతో తిరిగి చక్కబడదు.

ఆసియా-పసిఫిక్ దేశాల కీళ్లవ్యాధి వైద్య సంఘాల సమాఖ్య (ఆప్లార్) ఈ జబ్బు చికిత్సకు 2015లో మార్గదర్శకాలు ప్రచురించి, 2019లో సవరించింది. అందులోని ముఖ్యమైన మాటలు ఇవి: జబ్బు తేలగానే దాన్ని అదుపుచేసే మందు మొదలుపెట్టాలి. వీలైనవారికి మొదటి మందు మెథోట్రెక్సేట్. స్టెరాయిడ్ తక్కువ మోతాదులో, కొద్దికాలం మాత్రమే. ఖరీదైన బయోలాజిక్ మందులకు ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. ఆరోగ్యవరం పక్కనే ఉన్న మన ప్రాంతానికి క్షయ సంగతి వేరే చెప్పాలా?

మెథోట్రెక్సేట్ విషయంలో ఒక హెచ్చరిక. ఇది వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. ఏ వారమో చీటీపై పెద్ద అక్షరాలతో రాయించుకోండి. డాక్టరు చెప్పిన ఫోలిక్ యాసిడ్ మానవద్దు. మద్యం ముట్టవద్దు. గర్భిణులు ఈ మందు వాడకూడదు. బిడ్డ కావాలనుకునేవారు ముందే డాక్టరుకు చెప్పాలి.

ఈ మార్గదర్శకాలు మంచివే. అయితే అవి కాగితం మీద ఉంటే చాలదని మా అభిప్రాయం. రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు క్రమంగా జరగాలి. ఒక్కో పరీక్షకు వేలూరో తిరుపతో వెళ్లాలంటే బస్సు చార్జీ, రోజు కూలీ రెండూ పోతాయి. అప్పుడు ముందు పరీక్ష మానేస్తారు, తర్వాత మందు మానేస్తారు. అందుకే పెద్ద డాక్టరు ఒకసారి చూసి చికిత్స నిర్ణయించాలి. నెలనెలా పరీక్షలు, మందులు ఊరికి దగ్గరి ఆసుపత్రిలోనే అందాలి. ఆ చీటీ ప్రకారం నడవడం మనలాంటి చిన్న ఆసుపత్రుల బాధ్యత.

సంఘ కుటుంబాలకు మా మనవి: మీ ఇంట్లో అమ్మ పొద్దున్నే చెంబు పట్టుకోలేకపోతుంటే విసుక్కోకండి, మందుల షాపుకు పంపకండి. ఈ వారమే వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరకు తీసుకురండి.