ఇంటికిచ్చు మందు

హెరాయిన్ మొదలగు నల్లమందు జాతి మత్తుపదార్థములకు దాసులైనవారికి మెథడోన్ అను ఔషధమునిచ్చు చికిత్స యొకటి అమెరికాలో 1960 దశకమునుండి ప్రచారమందున్నది. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అను వైద్యులు దీనికి మార్గదర్శకులు. దినమున కొకమాఱు త్రాగిన చాలును. ఒడలినొప్పులను, వణకును, తహతహను అణచి మనుష్యుని పనిపాటులకు మరల్చును. మత్తునకు బదులు మఱియొక మత్తనువారు మన పట్టణములందును గలరు. దినదినము ఇన్సులిను పుచ్చుకొనువానిని మాత్రము వారు వ్యసనపరుడనరు! ఆ తర్కమటుంచి ఫలితమును జూతము. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన సమీక్ష ననుసరించి, మెథడోన్ చికిత్సలో నున్నవారిలో ఏటికి వేయిమందికి సుమారు 11 మంది మరణింపగా, చికిత్సకు వెలుపలనున్న కాలమున 36 మంది మరణించుచుండిరి.

రోగి చికిత్సలో నిలుచుటయే ప్రాణము నిలుచుట. అట్టిచో ఆ మందునొద్దకు త్రోవ యెంత సుగమముగ నుండవలెను! 1970 దశకమునుండి అచ్చటి శాసనములు, వ్యసన చికిత్సకు మెథడోనును సామాన్యమైన మందుల షాపులలో ఈయనీయక, ప్రత్యేక క్లినిక్కుల కిటికీలకు కట్టివేసినవి. రోగి మొదటి మూడు నెలలు వారమునకు ఆఱు దినములు స్వయముగ వచ్చి, నర్సు కన్నులయెదుట త్రాగి పోవలెను. నెలకు సరిపడు మందు ఇంటికి గొనిపోవుటకు రెండేండ్లు మచ్చలేకుండ గడపవలెను. క్లినిక్కునకు ఏబది మైళ్ల దూరమునందున్న పల్లెవాడు, తెల్లవాఱకమునుపే పనికి బోవలసిన కూలివాడు, చంకబిడ్డ తల్లి ఏమి చేయుదురు? పని విడువవలెను, లేదా మందు విడువవలెను.

హాజరీ యన నేమో తెలుగువారికి ఒకరు చెప్పనక్కఱలేదు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టము క్రింద స్టూవర్టుపురము సెటిల్మెంటులోని యెఱుకలవారు, తమపై ఏ నేరమును రుజువు కాకున్నను, పుట్టుకయే నేరమైనట్లు హాజరీ చెప్పుకొనవలసివచ్చెడిది. ఆ చట్టము రద్దగుటకు 1952 వఱకు పట్టెను. కోర్టులలో దిరుగు మాకు, బెయిలుపై వచ్చి ఠాణాలో దినమును సంతకము చేయు ముద్దాయికిని ఆ కిటికీయొద్ద వరుసలో నిలుచు రోగికిని భేద మంతగా గానరాదు. ముద్దాయి సంతకము కేసుతో ముగియును. మెథడోన్ రోగులలో కొందఱికి మందు జీవితాంతము వలయును.

2020 మార్చిలో కోవిడ్ వచ్చి, ఏండ్ల తరబడి వాదములు సాధింపలేనిదానిని కొలది దినములలో సాధించెను. జనము గుమిగూడుట ప్రమాదమని, స్థిరముగ నున్న రోగులకు 28 దినములకును, అంత స్థిరత లేనివారికి 14 దినములకును సరిపడు మందు ఇంటికిచ్చుటకు కేంద్రప్రభుత్వము సమ్మతించెను. అమ్ముకొందురనియు, అతిగా త్రాగి చత్తురనియు జోస్యములు బయలుదేఱెను. ఆ మార్చిలో మెథడోన్ కలిసిన మరణములు పెరిగినమాట నిజమే. ఆ నెలలోనే మెథడోన్ లేని మత్తు మరణములును పెరిగినవి. పిదప ఇతర మరణములు హెచ్చుచునే పోవుచుండ, ఇవి హెచ్చక నిలిచినవి. మోతాదు మీఱి చచ్చినవారిలో మెథడోన్ పాలు 2019లో నూటికి 4.5, 2021లో 3.2.

ఎదుటి పక్షపు సాక్ష్యమును దాచుట మాకు మర్యాద గాదు. బ్రిటనులో కన్నులయెదుట త్రాగించు పద్ధతి ప్రబలిన పిమ్మట, 1993కును 2008కిని నడుమ, ఇచ్చిన మోతాదుల లెక్కనుబట్టి మెథడోన్ మరణములు నాలుగవ వంతునకు దిగినవి. ఈ మందు శరీరమున మెల్లగా పేరుకొనును. మొదటి వారములు అపాయకరములు. ఇంట పసిబిడ్డ యొక్క గుక్క త్రాగినను ప్రాణము పోవచ్చును. కావున తొలిదినములలో వైద్యుని కన్నును, ఇంట తాళముగల పెట్టెయు, నలోక్సోన్ విఱుగుడును ఉండవలసినదే. ఈ జాగ్రత్తలు మందు గుణమునుబట్టి పుట్టినవి. రెండేండ్ల హాజరీ రోగిపై అనుమానమునుండి పుట్టినది.

2024లో అమెరికా ప్రభుత్వము సడలింపును శాశ్వత నిబంధనగా జేసెను. మొదటి రెండు వారములలో 7 దినముల మందు, నెల నిండువఱకు 14, పిదప 28 దినముల వఱకు ఇంటికి ఈయవచ్చును. ఈయవచ్చును అనిరి గాని ఈయవలెను అనలేదు. శాసనములు చదువువారికి ఆ రెండు మాటల నడుమ నెంత యగాధమున్నదో తెలియును. రాష్ట్రములు బిగించుకొనవచ్చును, క్లినిక్కులు పాతదారినే బోవచ్చును. రోగి వచ్చిన దినమున కింతయని సొమ్ము ముట్టుచోట కిటికీ తనంతట మూతపడునని మేము నమ్మజాలము.

ఇది మనకు దూరపు కథ గాదు. పంజాబు ప్రభుత్వము 2017 నుండి తన క్లినిక్కులలో బ్యూప్రెనార్ఫిన్ అను ఇట్టి మందునే ఎదుట వేయించుచు, కోవిడ్ కాలమున ఇంటికిచ్చు మోతాదును పెంచెను. ఇంటికిచ్చిన పిదప చికిత్సలో నిలిచినవారెందఱు, విడిచినవారెందఱు, మరణించినవారెందఱు అను లెక్కను ఏటేట జిల్లాలవారీగ ప్రజల ముందుంచవలసినదిగ అచ్చటి ప్రభుత్వమును మేము కోరుచున్నాము.