పేరు గడి చివర ఉండాలి

శ్రీ విజయపురానికి, అంటే మొన్నటి పోర్ట్ బ్లెయిర్‌కు, బదిలీ అయి వచ్చిన తొలి వారంలోనే మేము ఒక తప్పు చేశాం. ప్రార్థన అయ్యాక చూస్తే కరెంటు తీగ మీద వరుసగా నల్లపిట్టలు. "మాస్టారూ, అవేమిటండీ?" అన్నారు ఆరో తరగతి పిల్లలు. చూసీ చూడగానే "పసుల పోలిగాడు" అనేశాం. మా ఊళ్లో గేదెల వీపు మీద రోజూ చూసిన పిట్ట కదా!

గౌహతి నుంచి వచ్చిన అమ్మాయి ఒప్పుకోలేదు. "తోక చూడండి మాస్టారూ, చీలి లేదు."

నిజమే. పోలిగాడి తోక చివర చేపతోకలా రెండుగా చీలి ఉంటుంది. దీని తోక పొట్టి, కన్ను ఎర్రటి నిప్పురవ్వ. ఎర్ర కన్ను అనగానే ఇంకొకడు "కోకిల" అన్నాడు. మగ కోకిల కూడా నిగనిగలాడే నలుపే, కన్నూ ఎరుపే. కానీ దీనికి రెట్టింపు పొడవు, ముక్కు లేత ఆకుపచ్చ. వీటి ముక్కు నలుపు. పైగా కోకిల ఇలా గుంపు కట్టి గోల చేయదు. ఎండ పడేసరికి ఆ నలుపులోంచి ఆకుపచ్చ మెరుపు కనబడింది. అప్పుడు పుస్తకం తీశాం. ఏషియన్ గ్లాసీ స్టార్లింగ్! మన గోరింక కుటుంబమే. పళ్లు తింటుంది, తొర్రల్లో గూడు పెడుతుంది. పక్కనే తెల్లటి పొట్ట మీద నల్లచారలున్న పిట్టల్ని పిల్లలు వేరే జాతిగా రాసుకున్నారు. అవి వీటి పిల్లలే.

పక్షుల నోటుపుస్తకంలో మొదటి గడి "పేరు". దాన్ని చివరికి నెట్టాలని మా అభిప్రాయం. ముందు తోక, కన్ను, ముక్కు, తిండి, తోడు రాయాలి. పేరు దొరక్కపోతే ఖాళీగా వదిలేయాలి. అందుకు మార్కులు తగ్గించకూడదు. పేరు ముందే పడితే కళ్లు పని మానేస్తాయి, మాకు జరిగినట్టే. ఫోనులో యాప్ చెప్పేస్తుందిగా అంటారు. చెబుతుంది. చారలపిట్ట నల్లపిట్ట వెంట తిరుగుతూ నోరు తెరవడం మాత్రం మనమే నిలబడి చూడాలి.

దీని శాస్త్రీయ నామం అప్లోనిస్ పనయెన్సిస్. అంటే ఫిలిప్పీన్స్‌లోని పనాయ్ ద్వీపానిదని. అండమాన్‌లో పుట్టి పెరిగిన పిట్టకూ అదే చిరునామా! ప్రతి కొత్త బడిలో మొదటి నెలంతా పాత ఊరి పేరుతో పిలిపించుకునే మీకు ఇది కొత్త కాదు.

పైన మేమూ "గౌహతి నుంచి వచ్చిన అమ్మాయి" అని రాశాం. ఆమె అక్కడ ఉన్నది రెండేళ్లే. అంతకుముందు జోధ్‌పూర్. పుట్టింది విజయనగరంలో.