బీ-ఫారంలో మన మాటేది?

తెనాలి-రేపల్లె రైల్లో ఈ వారం ఒక కుర్రాడు కలిశాడు. పదేళ్లుగా పార్టీ జెండా మోస్తున్నాడు. ఈసారి కౌన్సిలర్‌గా నిలబడాలని ఉందన్నాడు. వార్డులో ఎన్ని గడపలు తొక్కావయ్యా అని అడిగాను. "ముందు పెద్దాయన సరేనాలి కదండీ, జనం సంగతి తర్వాత" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అతని మీద కోపం రాలేదు, అతను చెప్పింది అక్షరాలా నిజమైనందుకే మంట.

మన తెనాలి, బాపట్ల, రేపల్లెలనే చూడండి. 2023 డిసెంబరులో వైసీపీ పదకొండు నియోజకవర్గాల ఇన్‌ఛార్జులను ఒక్క జాబితాతో మార్చింది. అందులో రేపల్లె ఒకటి. మోపిదేవి వెంకటరమణ స్థానంలో ఈవూరు గణేశ్ వచ్చారు. మోపిదేవి వర్గం ఎంత మొత్తుకున్నా జాబితా మారలేదు. తెనాలిలో ఆలపాటి రాజేంద్రప్రసాద్ టికెట్ కోసం కాచుకుని ఉంటే, పొత్తులో సీటు జనసేనకు పోయింది. నాదెండ్ల మనోహర్ దాదాపు 48 వేల మెజారిటీతో గెలిచారు, ఆ గెలుపును నేనేమీ తప్పుపట్టను. తెనాలి టికెట్ మాట తెనాలిలో తేలలేదన్నదే నా బాధ.

జనానికి చేతకాక కాదు ఇదంతా. 2024 మే 13న తెనాలి పోలింగ్ బూత్‌లో జరిగింది దేశమంతా చూసింది. లైన్లో రమ్మన్నందుకు సిట్టింగ్ ఎమ్మెల్యే ఒక ఓటరును చెంప మీద కొడితే, ఆ ఓటరు అక్కడికక్కడే తిరిగి కొట్టాడు. చెయ్యి చేసుకోవడం ఎవరిదైనా తప్పే. కానీ ఆ మనిషికి తన వరుస ఏమిటో, తన హక్కేమిటో స్పష్టంగా తెలుసు. బాపట్లలో రెండుసార్లు గెలిచిన కోన రఘుపతిని అదే ఎన్నికల్లో జనం ఇంటికి పంపి వేగేశన నరేంద్రవర్మను గెలిపించారు. రాష్ట్రంలో 81 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. ఇంత తెలివైన ఓటరుకు అభ్యర్థిని ఎంచే దగ్గర మాత్రం నోరు లేదు.

అమెరికాలో ఆ పని ప్రైమరీలో, అంటే పార్టీ ఓటర్లే ఓటేసి అభ్యర్థిని తేల్చే ఎన్నికలో, జరుగుతుంది. 2025 జూన్‌లో న్యూయార్క్ మేయర్ పదవికి డెమోక్రాట్ల ప్రైమరీలో జోహ్రాన్ మమ్దానీ వాలంటీర్లతో ఇంటింటి తలుపు తట్టించి, మాజీ గవర్నర్ ఆండ్రూ క్యూమోను ఓడించాడు. మన హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2018లో మేరీల్యాండ్‌లో సొంత పార్టీ ప్రైమరీలో ఓడారు. అలిగి ఇంట్లో కూర్చోలేదు, 2022లో అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు. మన దగ్గర 2014లో రాహుల్ గాంధీ కొద్ది లోక్‌సభ స్థానాల్లో ఈ ప్రయోగం చేయించారు. వార్ధాలో సిట్టింగ్ ఎంపీ కొడుకే నెగ్గాడు. అంతటితో ఆ ముచ్చట ముగిసింది. పార్టీల్లో అంతర్గత ప్రజాస్వామ్యం కావాలని లా కమిషన్ 1999లోనే తన 170వ నివేదికలో చెప్పింది. ఏ పార్టీ చెవిన పెట్టింది?

మాకు ఐవీఆర్ఎస్ ఉందిగా అంటారు తెలుగుదేశం మిత్రులు. ఫోన్ మోగుతుంది, రికార్డు చేసిన గొంతు పలుకుతుంది, ఫలానా అభ్యర్థి అయితే ఒకటి నొక్కమంటుంది. నొక్కుతాం. ఎవరికి ఎన్ని పడ్డాయో ఎవరూ చెప్పరు. లెక్క చెప్పనిది ఎన్నిక ఎలా అవుతుంది? ఆ పార్టీ సభ్యత్వం కోటి దాటిందని ప్రకటించారు. వంద రూపాయలు కడితే ఐదు లక్షల ప్రమాద బీమా ఇస్తున్నారు. చాలా మంచి పని, ఎన్నో కుటుంబాలకు ఆసరా. అదే వంద రూపాయలకు తన వార్డు అభ్యర్థి మీద ఒక ఓటు కూడా ఇస్తే పార్టీ ఆస్తి ఏం కరిగిపోతుంది?

ఏకగ్రీవాల జబ్బు ఇంకా పాతది, దాని గురించి ఎన్నిసార్లు రాసినా నా కసి తీరదు. 2021లో పోటీ లేని పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. పోటీ పెట్టనందుకు ప్రభుత్వమే డబ్బివ్వడమేమిటి? అదే ఏడాది మాచర్ల మున్సిపాలిటీలో 31 వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. ముప్పై ఒక్క వార్డుల్లో ఒక్కచోటైనా రెండో మనిషికి పోటీ చేయాలనిపించలేదంటే నమ్మమంటారా? ఆ ఏడాది మార్చిలో తెనాలి, రేపల్లె మున్సిపాలిటీలు ఓటేశాయి, బాపట్లకు ఆ యోగమూ లేకపోయింది. 1913లో తొలి ఆంధ్ర మహాసభకు వేదికైన ఊరు అది. కౌన్సిలర్‌గా నిలబడి, గెలిచో ఓడో నేర్చుకోవాల్సిన కుర్రాళ్లు అక్కడ ఎవరి వెనక తిరిగి నేర్చుకోవాలి?

కాబట్టి తెనాలి, బాపట్ల, రేపల్లె కార్యకర్తలకు నా మనవి ఒక్కటే. పార్టీ అభ్యర్థి ఎవరో ఖాయం చేసే బీ-ఫారం పైనుంచి దిగే లోపే వార్డు సభ్యులందరినీ ఒక చోట కూర్చోబెట్టమని, పోటీలో ఉన్నవాళ్ల పేర్లు చదివి చీటీల మీద ఓటు పెట్టించమని, అందరి ముందూ లెక్కపెట్టమని మీ మీ పార్టీ ఆఫీసులకు వెళ్లి అడగండి. ఒక్కరుగా వెళ్లకండి, వార్డంతా కలిసి వెళ్లండి.