మస్తానమ్మ ఎవరి పేరు?

మా దాదీ పేరు మస్తాన్‌బీ. కామవరపుకోట వీధిలో మాత్రం ఆమె మస్తానమ్మ. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. రెండు పిలుపులకీ పలికేది. ఒక కార్డులో మస్తాన్‌బీ, ఇంకోదాంట్లో మస్తానమ్మ అని ఉన్నందుకు, వీళ్ళు ఇద్దరు మనుషులంటూ ఒక ఆఫీసు ఏడాదిపాటు ఆమె పింఛను ఆపేసింది. ఆ ఏడాది ఆమె తిన్న తిండి మాత్రం ఒక మనిషి తిండే.

ఆమె పోయాక మా చెల్లెలు తన కూతురికి దాదీ పేరు పెడతానంది. పట్నం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మొహం చిట్లించాడు: "అది దర్గా పేరు. మంచి అరబ్బీ పేరు పెట్టండి." బళ్ళో పేరు రాసుకునే ఆయనది ఇంకో సలహా: "ఏదైనా తెలుగు పేరు పెట్టుకోకూడదామ్మా? పిల్ల నలుగురిలో కలిసిపోతుంది."

ఇద్దరికీ జవాబు చెప్పాలి.

ముందు మనవాళ్ళకి. బేగం తుర్కీ మాట. బీబీ, బానూ, పర్వీన్ ఫారసీ నుంచి వచ్చాయి. ఖురాన్ పేరు పెట్టి చెప్పిన ఒకే ఒక్క స్త్రీ మరియం. ఆ పేరు అరబ్బీ కంటే ముందు హీబ్రూది. తుర్కీ 'బేగం' చేరితే పోని దీన్, తెలుగు 'అమ్మ' చేరితే పోతుందా? మస్తాన్ అంటే దైవప్రేమలో మైమరచినవాడు. కసుమూరు మస్తాన్ వలీకి, జాన్‌పహాడ్ సైదులుకి మొక్కుకుని కన్నవాళ్ళు హిందువుల్లోనూ ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలోనూ మస్తానమ్మలు, సైదమ్మలు ఉన్నారు. వాళ్ళకి లేని సిగ్గు మనకెందుకు?

ఇక మీకు, మాస్టారూ. మీరు తెలుగు పేర్లంటున్న లక్ష్మి, సరస్వతి, పద్మ సంస్కృతం కాదా? జాస్మిన్ అంటే మీకు ముద్దు. యాస్మిన్ అంటే అనుమానం. రెండూ ఒకే ఫారసీ మల్లెపువ్వు! మన మండలంలోనే గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. అక్కడి బ్రాహ్మీ శాసనాల భాష ప్రాకృతం. అవి మన చరిత్రేనని పిల్లలకి చూపిస్తారు. మంచిదే. మరి ఈ మట్టిలో బతికి, ఈ మట్టిలోనే కలిసిపోయిన మస్తానమ్మ పేరు దగ్గర మాత్రం 'మన' అనే మాట ఎందుకు ఆగిపోతుంది?

నలుగురిలో కలవడానికి మేం పేరు వదులుకోవాలంటే, ఆ నలుగురిలో మేం లేమనే కదా లెక్క?

పిల్ల పేరు మస్తాన్‌బీ అనే రాయించాం. వీధి మస్తానమ్మా అని పిలిస్తే పలుకుతుంది. మీరు చేయాల్సింది ఒక్కటే, అన్ని కాగితాల్లోనూ ఆ పేరు ఒక్కలా రాయండి. ఇంకో మస్తానమ్మ తను ఒక్క మనిషినేనని రుజువు చేసుకునే గతి రానివ్వకండి.